గమ్ము పార్టీ, సిమెంటు పార్టీ

కామారెడ్డిలో మా ఇంటి ముందు గోడకు రాయి వేయించాలని మా బాపు అనుకున్నది ఇంటి అందం కోసం కాదు. ఎదురింటి చిన్నాయన వేయించాడు కాబట్టి.

చిన్నాయన అంటే బాపుకు పాలివాడు, వరుసకు తమ్ముడు. డెబ్బైల మొదట్లో ఇద్దరూ దోమకొండ పక్క ఊరు విడిచి కామారెడ్డికి వచ్చి, ఒకే గల్లీలో ఎదురెదురుగా ఇండ్లు కట్టుకున్నారు. పక్కపక్కన కట్టుకున్నా బాగుండేది. ఎదురెదురుగా ఉండేసరికి పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒకరి గడప ఒకరికి కనబడేది. చిన్నాయన ఇంట్లో ఎర్ర గచ్చు పడితే ఆ ఎండాకాలమే మా ఇంట్లో మొజాయిక్ పడింది. చిన్నాయన టీవీ కొంటున్నాడని తెలిసి మా బాపు ఉరుకుల పరుగుల మీద ముందు యాంటెనా కొన్నాడు. టీవీ కొనడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ దాని మీద కాకులు కూర్చున్నాయి.

తొంభైల మొదట్లో కామారెడ్డికి రాయి జబ్బు వచ్చింది. ఇటుక గోడకు పైన వేలెడు మందం తాండూరు రాతి పలకలు అతికిస్తే, దూరం నుంచి చూసేవాళ్ళకు మొత్తం గోడే రాతితో కట్టినట్టు కనబడుతుంది. చిన్నాయన అట్లా వేయించాడు. ఆ రోజు బాపు సరిగ్గా అన్నం తినలేదు.

"ఎనక అర్రల పెంకలు పగిలి వాన కురుస్తున్నది. అది సూడకుంట ముందట గోడకు రాయేందయ్యా? మింగ మెతుకు లేదు గని మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు" అన్నది మా అమ్మ. నేను అవ్వ అనేవాణ్ణి.

"ఎనక అర్ర ఎవడు సూస్తడే?" అన్నాడు బాపు.

మా బాపు బతుకు మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. నన్ను పట్టుకొని మీ వంశం ఏ పాటిదని ఎవరైనా అడిగితే ఆ మాటే చెబుతాను.

నేనప్పుడు ఎల్లారెడ్డిలో సర్కారు బడిలో పంతులును. రోజూ పొద్దున బస్సులో పోయి, సాయంత్రం బస్సులో వచ్చేవాణ్ణి. మా ఇంటి గోడలు లేపిన మేస్త్రిది ఎల్లారెడ్డే. ఇల్లు కట్టినప్పుడు ఆయన కొత్త మేస్త్రి, ఇప్పుడు గడ్డం తెల్లబడింది. నేను చాచా అనేవాణ్ణి. నేను పంతులునయ్యాక ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి సార్ అనడం మొదలుపెట్టాడు. వద్దంటే వినలేదు. బస్టాండు ముందున్న చాయ్ హోటల్లో కూర్చోబెట్టి బాపు చెప్పిన మాట చెప్పాను. చాచా ముఖం వెలిగింది. ఆయన సంతోషం కూలి గురించి కాదు.

"సార్, మా మసీదు ముందట గోడకు గుడ రాయి ఎయ్యాలని కమిటీల మాట నడుస్తున్నది. కొందరు హైద్రాబాద్ నుంచి పనోళ్ళను పిలుస్తమంటున్నరు. నేను ఉండంగ వేరెవడో వచ్చి ఎట్ల ఏస్తడు? నమాజుకు ముందు వజూ చేసే నీళ్ళ హౌజు మా అబ్బా కట్టిండు. గోడన్న ఆయన కొడుకు చేతి పని కావద్దా? దినాం ఐదు పూటలు నేను పొయ్యే గోడ అది. మీ ఇల్లు మంచిగ చేసి కమిటీ వాళ్ళను తోల్కొచ్చి చూపిస్త. వాళ్ళు చూసి మంచిగున్నదంటె ఆ పని నాది."

ఆ మాట చెప్పేసరికి చాయ్ చల్లారిపోయింది. చాచా చాయ్ చల్లారనివ్వడం నేను చూడటం అదే మొదటిసారి. దసరా సెలవుల్లో పని మొదలుపెట్టాలని ఖాయం చేసుకున్నాం.

ఇంతవరకు కథ సక్కగానే ఉంది. అప్పుడు దుబాయి నుంచి మా బావ దిగాడు.

బావ అంటే మా అక్క పెనిమిటి. ఏడేండ్ల నుంచి దుబాయిలో రాతి పని చేస్తున్నాడు. మూడు నెలల చుట్టీ మీద వచ్చాడు. అందరి బావలూ దుబాయి నుంచి సెంటు సీసాలూ, దుప్పట్లూ తెస్తారు. మా బావ అట్టపెట్టెలో నైలాను తాడు కట్టి నాలుగు జతల డబ్బాలు తెచ్చాడు. ఒక డబ్బాలో తెల్లది, ఒక డబ్బాలో నల్లది. రెండూ కలిపితే గమ్ము. రాయి వెనక నాలుగు మూలలా, నడుమ ఒకచోట ఇంతింత పెట్టి గోడకు అదిమితే అతుక్కుంటుందట.

"మామా, ఇంక సిమెంటుతోని రాయి ఎవడేస్తుండు? షేకుల బంగ్లాలల్ల పదంతస్తుల మీదికి గమ్ముతోనే ఏస్తున్నం. నీళ్ళు వట్టే పని లేదు, ఇసుక జల్లించే పని లేదు. ఒక్క గంటల పట్టుకుంటది. ఏనుగుతోని గుంజిచ్చినా ఊడది."

"ఏనుగు ఏడున్నది బావా కామారెడ్డిల?" అని నేనన్నాను. బావ నా దిక్కు చూడలేదు.

మర్నాడు చాచా వచ్చి ఆ డబ్బా మూత తీసి వాసన చూశాడు. ముఖం పక్కకు తిప్పి తుమ్మి, బాపు వైపు తిరిగాడు.

"పటేలా, ఇది పుస్తకాల అట్టలకు పెట్టుకునేటిది. రాయి బరువుంటది. బరువును మోసేది సిమెంటు మాలు. ఒకటికి నాలుగు ఇసుక, రాయి ఎనక సిమెంటు పాలు పుయ్యాలె, వారం దినాలు నీళ్ళు వట్టాలె. మా అబ్బా, వాళ్ళ అబ్బా గిట్లనే చేసిన్రు."

"వాళ్ళ కాలంల విమానం ఉండెనా?" అన్నాడు బావ.

"విమానంకు రాయి అతికిస్తవా నువ్వు?" అన్నాడు చాచా.

అట్లా మొదలైంది. బావ పార్టీ గమ్ము పార్టీ, చాచా పార్టీ సిమెంటు పార్టీ. రెండు రోజుల్లో గల్లీ మొత్తం చీలిపోయింది. చెప్పుల దుకాణం ఆయన సిమెంటు పార్టీ, ఎందుకంటే ఆయన జన్మంతా గమ్ముతోనే అతికించాడు, దాని సంగతి ఆయనకు తెలుసు. కరెంటాఫీసు గుమాస్తా గమ్ము పార్టీ, ఎందుకంటే ఆయన బామ్మర్ది కూడా దుబాయికి వీసా కోసం చూస్తున్నాడు. ఎన్నడూ ఒక ఇటుక మీద ఇటుక పెట్టని వాళ్ళు కూడా మా అరుగు మీద కూర్చొని, రాయి వేడికి ఎట్లా ఉబ్బుతుందో, చలికి ఎట్లా ముడుచుకుంటుందో గంటలకొద్దీ చెప్పేవాళ్ళు. అవ్వ చాయ్‌లు పోయలేక పాలవాడి దగ్గర పాల వాడిక పెంచింది.

చిన్నాయన కూడా ఎదురింట్లోంచి కుర్చీ తెచ్చుకొని కూర్చునేవాడు. తన గోడకు సిమెంటుతో వేయించాడు కాబట్టి అన్నకు మాత్రం గమ్మే మంచిదని సలహా ఇచ్చాడు. ఆ సలహా వినగానే మా బాపు సిమెంటు వైపు మొగ్గాడు. కానీ అల్లుడిని చిన్నబుచ్చితే బిడ్డ మొహం ఎట్లా చూడాలని వెనక్కి తగ్గాడు. వారం రోజులు ఆయన అటూ ఇటూ ఊగి, చివరికి ఊళ్ళో పొలం గట్ల పంచాయతీలు తెంపిన అనుభవమంతా వాడి తీర్పు చెప్పాడు.

"దర్వాజకు కుడి దిక్కు మేస్త్రి సిమెంటుతోని ఎయ్యాలె. ఎడమ దిక్కు అల్లుడు గమ్ముతోని ఎయ్యాలె. ఇద్దరు నా మనుషులే."

ఒక గోడకు రెండు మతాలు! తీర్పు విని అందరూ బాపును మెచ్చుకున్నారు. గమ్ము పార్టీ, సిమెంటు పార్టీ పోటీపడి మెచ్చుకున్నాయి.

ఈ పది రోజుల మాటల్లో పనికొచ్చే మాట ఒక్కటే వచ్చింది. అది చాచా అన్నది. చాయ్ తాగి లేచిపోతూ నాతో అన్నాడు. "సార్, గమ్మైనా మాలైనా సున్నం మీద నిలవది. గోడకు ఇరవై ఏండ్ల సున్నం ఉన్నది. అది మొత్తం గీకాలె. గీకి, సుత్తెతోని గాట్లు పెట్టి, కడిగి పెట్టాలె. నీకు సెలవులే గద. నేను ఎల్లారెడ్డి పని ముగించుకొని మంగళారం వస్త."

ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. అది గమ్ము పార్టీ మాటా కాదు, సిమెంటు పార్టీ మాటా కాదు.

మా ఇండ్లల్లో ఏటా దసరాకు సున్నం వేస్తారు. పెండ్లయితే మళ్ళీ వేస్తారు. పాతది గీకి వేసే అలవాటు లేదు. పాతదాని మీదే కొత్తది. ఒక పూత వెంట్రుక మందం కూడా ఉండదు, కానీ ఇరవై ఏండ్లకు అది జొన్నరొట్టె మందం అయింది. నేను ఇనుప పలక తీసుకొని నిచ్చెన వేసుకొని ఎడమ దిక్కు గీకడం మొదలుపెట్టాను. అరగంట అయిందో లేదో అవ్వ బయటికి వచ్చింది.

"ఏం జేస్తున్నవ్ రా?"

"సున్నం గీకుతున్ననే."

"దాని కింద ఏమున్నదో ఎరుకేనా?"

ఎరుకే. మా దిక్కు పెండ్లయితే ముందు గోడ మీద రంగులతో పెండ్లికొడుకు పేరూ, పెండ్లికూతురి పేరూ రాయిస్తారు. పైన రెండు చిలుకలు, పక్కన అరటి చెట్లు. ఎడమ దిక్కు మా అక్కా బావల పేర్లు, కుడి దిక్కు నావీ నా భార్యవీ రాయించారు. తర్వాత దసరాలకు వాటి మీద సున్నం పడింది. కానీ వానాకాలం గోడ నానినప్పుడు చిలుకల పచ్చ రంగు సన్నగా బయటికి కనిపించేది. అవ్వ అప్పుడప్పుడు అక్కడ నిలబడి చూసేది.

"పెండ్లి పేర్లు ఎవడన్న గీకుతడా? ఇంటి ఆడిబిడ్డ పేరు నీ చేతులతోని గీకేస్తవా? వాళ్ళాయన సముద్రాలు దాటి పోయేటోడు. సున్నమేస్తే పేరు లోపల సల్లగుంటది. రాయేస్తే రాయి కింద ఉంటది. గీకితే మాత్రం పోతది. దిగు."

దిగాను. అవ్వ మాట జవదాటలేక దిగానని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. నిజం చెప్పాలంటే అప్పటికే నా అరచేతుల్లో బొబ్బలు లేచాయి, కండ్లలో సున్నం పడి మండుతోంది, పై నుంచి ఎండ. అవ్వ ఆపకపోతే నేనే ఏదో ఒక సాకు వెతుక్కునేవాణ్ణి. అవ్వ నన్ను ఆపి పుణ్యం కట్టుకుంది.

చాచా వచ్చే ముందు రోజు గోడ అంతటా అక్కడక్కడా సుత్తెతో గాట్లు పెట్టాను, పేర్లున్న చోటు విడిచిపెట్టి. మంగళవారం పొద్దున్నే నాలుగు బిందెల నీళ్ళు కొట్టాను. తడిసిన సున్నం గోడ బూడిద రంగుకు తిరిగి, గీకిన గోడ లాగే కనిపించింది. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగినట్టు నన్నెవరూ చూడలేదనుకున్నాను.

చాచా సంచి దింపుతూ అడిగాడు. "గీకినవా సార్?"

"గీకిన చాచా."

అబద్ధమాడితే కండ్లు పోతాయని పిల్లలకు చెప్పే నోరే అది. ఆయన ఒక్క అడుగు గోడ వైపు వేశాడు. సరిగ్గా అప్పుడే ఎడమ దిక్కున బావ చెక్క పలక మీద నల్లదీ తెల్లదీ కలపడం మొదలుపెట్టాడు. ఆ వాసనకు చాచా ఆగి అటు తిరిగాడు.

"అది కలిపి ఇంటోళ్ళను సంపుతవా ఏంది?"

"నీ ఇసుకల మన్నున్నది, ముందు అది సూసుకో."

ఇక వాళ్ళిద్దరూ గోడ మొహం చూడలేదు. ఒకరి డబ్బా ఒకరు చూశారు, ఒకరి ఇసుక ఒకరు చూశారు. గోడకు ఏం పెట్టాలన్న పంతంలో గోడను చూసినవాడు లేడు. పని మాత్రం ఇద్దరూ కసిగా చేశారు. చాచా వేసిన వరసలు దారం పట్టి గీసినట్టు ఉన్నాయి. బావ గంటలో సగం గోడ ముగించి, సిగరెట్టు వెలిగించుకొని చాచా నీళ్ళు కొట్టుకోవడం చూస్తూ నిలబడ్డాడు.

పని అయిపోయిన వారానికి ఎల్లారెడ్డి నుంచి మసీదు కమిటీ పెద్దలు ముగ్గురు వచ్చారు. చాచా ఇస్త్రీ చేసిన కుర్తా వేసుకొని వాళ్ళను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు కుడి దిక్కు గోడను చేత్తో నిమిరి చూశారు, సందులు చూశారు, మాషా అల్లా అన్నారు. చాచా నా దిక్కు చూసి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. నాక్కూడా సంతోషమే అయింది. పడని రాయి పడుతుందేమోనని భయపడటం ఎందుకని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఎదురింటి చిన్నాయన మాత్రం రెండు రోజులు తలుపు తీయలేదు.

కార్తీకంలో ముసురు పట్టింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున అవ్వ వాకిట్లో చాన్పి చల్లి, ముగ్గు వేసి ఇంట్లోకి వచ్చిందో లేదో, వెనకాలే పెద్ద చప్పుడు. కుడి దిక్కు నడుమ నుంచి రెండు వరసలు, వాటితోపాటు పైవన్నీ కిందికి వచ్చాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అవ్వ వేసిన ముగ్గు మాత్రం పోయింది.

గమ్ము పార్టీకి ఆ రోజు పండుగ. బావ లుంగీ మడిచికట్టి గల్లీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిరిగాడు. కరెంటాఫీసు గుమాస్తా సెలవు పెట్టి వచ్చి చూసిపోయాడు. చిన్నాయన వచ్చి, అయ్యో అన్నా అని, లోపల్లోపల నవ్వుకుంటూ, బాపు భుజం మీద చెయ్యి వేశాడు. బాపుకు రాళ్ళు పడ్డ దానికంటే ఆ చెయ్యి పడ్డందుకు ఎక్కువ కోపం వచ్చింది.

అందరూ గుంపుగా ముందు నిలబడి మాట్లాడుతుంటే నేను పడ్డ రాళ్ళను ఎత్తడం మొదలుపెట్టాను. ఒక్కొక్క రాయి వెనక చాచా పెట్టిన మాలు పట్టు విడవకుండా ఉంది. దాని వెనక తెల్లగా సున్నం పొర. అంటే మాలు రాయిని పట్టుకుంది, సున్నాన్ని పట్టుకుంది. సున్నమే గోడను విడిచిపెట్టింది. ఆ రాళ్ళన్నిటినీ తీసుకుపోయి వెనక అర్రలో, తెల్ల దిక్కు కిందికీ ముఖాలు పైకీ పెట్టి పేర్చాను. వెనక అర్ర ఎవరూ చూడరని బాపు చెప్పనే చెప్పాడు.

మధ్యాహ్నానికి చాచా వచ్చాడు. బాపు నోటికొచ్చినట్టు అన్నాడు. ఇరవై ఏండ్ల పరిచయం అన్నాడు, ఇజ్జత్ అన్నాడు, మన్ను కలిపిన ఇసుక అన్నాడు. చాచా గోడ దగ్గరికి పోయాడు. రాళ్ళు ఊడిన చోట సున్నం మొత్తం లేచిపోయి, లోపలి గచ్చు పూత అక్కడక్కడా సుత్తె గాట్లతో, శుభ్రంగా కనిపిస్తోంది. నేను గీకినా అంత బాగా గీకేవాణ్ణి కాదు. చాచా దాన్ని చేత్తో తడిమి చూశాడు.

"సార్ మంచిగనే గీకిండు. నా మాల్లనే ఏదో తప్పున్నది పటేలా" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. నా జన్మలో నా మీద నాకు అంత అసహ్యం పుట్టిన రోజు ఇంకొకటి లేదు.

మర్నాడు నేను ఎల్లారెడ్డి బస్సు దిగేసరికే కబురు నాకంటే ముందు పోయి ఉంది. ఆ వారంలోనే కమిటీ హైదరాబాదు పనివాళ్ళకు మాట ఇచ్చింది. వాళ్ళు కూడా గమ్ముతోనే వేస్తారట. చాచా చాయ్ హోటల్లో గోడ దిక్కుకు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. నన్ను చూస్తే మాత్రం లేచి, సలాం సార్ అనేవాడు. అది ఇంకా భరించలేకపోయాను.

నెల తిరగకముందే గమ్ము పార్టీ వంతు వచ్చింది. బావ అరుగు మీద కూర్చొని నలుగురికి దుబాయి సంగతులు చెబుతుంటే, ఆయన తల వెనక నుంచే ఒక రాయి టప్పున ఊడి పడింది. అందరూ లేచి దూరం ఉరికారు. తర్వాత ఒకదాని వెనక ఒకటి, సంతలో మూట విప్పితే దొర్లిన చింతకాయల్లాగా రాళ్ళన్నీ దొర్లాయి. బావ ఒక రాయి తిప్పి చూశాడు. గమ్ము ముద్దలకు సున్నం పెచ్చులు అతుక్కొని ఉన్నాయి. కొన్ని చోట్ల సున్నం రెండు పొరలుగా చీలి, దాని మీద రంగులు తేలాయి. ఒక రాయి మీద చిలుక ముక్కు. ఒక రాయి మీద తిరగబడ్డ అక్షరాల్లో మా అక్క పేరు సగం.

ఇప్పుడైనా నిజం బయటపడుతుందని అనుకున్నాను. బావ రాయిని పైకెత్తి అందరికీ చూపించాడు.

"సూడుండ్రి! గమ్ము రాయిని ఇడిచిందా? ఇడవలే! గోడనే ఇడిచింది. తప్పు గోడది."

"గోడ కట్టింది ఎవడు?" అన్నాడు బాపు. "ఆ మేస్త్రే గదా!"

నలుగురూ తలలూపారు. సిమెంటు ఊడితే చాచాది తప్పు. గమ్ము ఊడినా చాచాదే తప్పు. ఆ మాట విన్నాక ఇక నా వల్ల కాలేదు.

"తప్పు నాది. నేను సున్నం గీకలే. గీకిన్నని చాచాకు అబద్ధం చెప్పిన" అని గట్టిగా చెప్పాను. వెనక అర్రకు పోయి రాళ్ళు తెచ్చి, తిప్పి చూపించాను.

ఎవరూ నమ్మలేదు. బాపు, "మేస్త్రిని ఎనకేసుకస్తున్నవా?" అన్నాడు. బావ, "సున్నందేమున్నది బామ్మర్దీ, దుబాయిల సున్నమే ఉండది" అన్నాడు. చెప్పుల దుకాణం ఆయన, కరెంటాఫీసు గుమాస్తా నా మాట పూర్తి కాకముందే మళ్ళీ గమ్మూ సిమెంటూ అంటూ కొట్లాటకు దిగారు. తప్పు నాదైతే వాళ్ళ రెండు నెలల వాదన ఏం కావాలి? అవ్వ ఒక్కతే నమ్మింది. అక్క పేరున్న ముక్కను కొంగుతో తుడిచి, లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు రెండు రాళ్ళు సంచిలో వేసుకొని ఎల్లారెడ్డి పోయాను. చాచా ఇంటి ముందు కూర్చోబెట్టి, రాయి తిప్పి చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చాలాసేపు ఆ తెల్ల పొరను గోటితో గీకుతూ కూర్చున్నాడు. గోటి కింద అది పిండిలా రాలింది.

"సార్, బడిల పిల్లలకు ఏం చెప్తవ్ నువ్వు?"

నేను సంచిలోంచి రెండో రాయి కూడా తీసి ఆయన ముందు పెట్టాను.

"నెల దినాలసంది నిద్ర లేదు నాకు. నా చెయ్యి ఖరాబైందనుకున్న. మా అబ్బా నేర్పిన పని మరిచిన్ననుకున్న. ఇగ తాపీ ముట్టద్దనుకున్న. ఒక్క మాట చెప్పకపోతివి."

రాయిని పక్కన పెట్టి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "సుత్తెతోని ఒక్క దెబ్బ కొట్టి చూస్తే తెలుస్తుండె. సున్నం గోడ డొల్ల చప్పుడు చేస్తది. మీ బావ మీద కోపంల కొట్టలే. సార్ చెప్పిండు గద అనుకున్న."

కమిటీ పెద్దల దగ్గరికి కూడా పోయి చెప్పాను. వాళ్ళు నన్ను కూర్చోబెట్టి, చాయ్ తాగించి, ఎంత మంచి మనసు సార్ మీది, పాపం చాచాను కాపాడాలని చూస్తున్నారు అన్నారు. హైదరాబాదు వాళ్ళకు మాట ఇచ్చేశామనీ, వాళ్ళు ఇంకో పది రోజుల్లో వస్తారనీ చెప్పారు. మసీదు గోడకు సున్నం గీకించారా అని అడిగితే, గమ్ముకు అదంతా అక్కర్లేదట కదా అన్నారు.

ఈ మాట చాచాకు చెబితే ఆయన లేచి నిలబడ్డాడు. లోపలికి పోయి ఇనుప పలకలు రెండు తెచ్చాడు. ఒకటి నా చేతికిచ్చాడు.

"ఎవడన్న ఎయ్యనీ, దేనితోనన్న ఎయ్యనీ. నమాజుకొచ్చేటోళ్ళ మీద రాయి పడద్దు. దా."

ఆ పది రోజులు సాయంత్రం బడి విడిచాక పొద్దుగూకేదాకా, ఆదివారం పొద్దంతా, మేమిద్దరం మసీదు ముందు గోడ గీకాం. కూలి లేదు, అడిగినవాళ్ళూ లేరు. దారిన పోయేవాళ్ళు, పని పోయిన దుఃఖంతో చాచాకు మతి చెడిందనీ, సారుకు ఏం వచ్చిందో తెలియదనీ అనుకున్నారు. నా అరచేతుల్లో మళ్ళీ బొబ్బలు లేచాయి. ఈసారి ఆపడానికి అవ్వ లేదు.

చివరి రోజు నా వంతు గోడ ముగించి నిచ్చెన దిగాను. చాచా అటువైపు నుంచి అడిగాడు.

"గీకినవా సార్?"

"గీకిన చాచా."

ఆయన సుత్తె తీసుకొని వచ్చాడు. నేను గీకిన గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా, జానెడుకొక దెబ్బ కొడుతూ, చెవి పెట్టి విన్నాడు. ఒకచోట ఆగి, ఇక్కడున్నది, గీకు అన్నాడు. గీకాను.

హైదరాబాదు వాళ్ళు వచ్చి నాలుగు రోజుల్లో గమ్ముతో రాయి వేసి పోయారు. ఆ రాయి ఏ వానకూ ఊడలేదు. బస్సు ఆ దారిలో పోయినప్పుడల్లా ఎవరో ఒకరు కిటికీలోంచి చూపించి, చూసినవా గమ్ము మహిమ అనేవాళ్ళు. మొదట్లో ఒకరిద్దరికి సున్నం సంగతి చెప్పబోయాను. సున్నం గురించి వినడానికి బస్సులో ఎవరికీ ఓపిక ఉండదు. మా ఇంటి గోడకు బాపు మళ్ళీ సున్నమే వేయించాడు. పాతదాని మీదే.

చాచా నా మీద కోపం పెట్టుకోలేదు. నేను ఎల్లారెడ్డిలో పనిచేసిన మిగతా ఏండ్లన్నీ అదే హోటల్లో కలిసి చాయ్ తాగాం, రంజానుకు షీర్ ఖుర్మా పంపేవాడు, సార్ అనడం కూడా మానలేదు. కానీ ఒకే ఊరికి పోవాల్సి ఉండి ఇద్దరం బస్టాండులో కూర్చున్నప్పుడు, "బస్సొస్తున్నది చాచా" అని నేనంటే, మోకాళ్ళు పట్టుకొని లేచి, రోడ్డు దాకా పోయి, తన కండ్లతో చూసుకొని వచ్చేవాడు.